శాతాలు ఓటు వెయ్యవు



కొన్నాళ్ళుగా అమెరికాలోని మన పిల్లలు ఒక కొత్త లెక్క పంపుతున్నారు. ఫలానా నియోజకవర్గం కాంగ్రెస్ ప్రైమరీలో మన ఇండియా మూలాల అభ్యర్థికి 20 శాతం, ఎదుటివారికి 75 శాతం అని. అది చూసి మనలో పెద్దవాళ్ళే "ఇంకేముంది, అయిపోయింది, మనవాళ్ళు తిరగడం దండగ" అంటున్నారు. ఈ మాట మేము ఒప్పుకోము.

ముందు ఆ శాతం ఏమిటో చూద్దాం. కల్షి, పాలీమార్కెట్ వంటి చోట్ల ఒక్కో అభ్యర్థి పేరు మీద చీటీ అమ్ముతారు. మన నెల చీటీ కాదు, పందెం చీటీ. అభ్యర్థి గెలిస్తే 1 డాలరు వస్తుంది, ఓడితే సున్న. ఆ చీటీ 75 సెంట్లకు చేతులు మారితే 75 శాతం అంటారు. అది ఓట్ల శాతం కాదు, సర్వే కూడా కాదు. కొన్నవాడికి ఆ ఊళ్ళో ఓటు ఉండనక్కరలేదు. పైగా చిన్న నియోజకవర్గం ప్రైమరీ మీద పెద్ద డబ్బు తిరగదు. నలుగురు కొన్నా ధర ఎగురుతుంది.

మార్కెట్ ఎప్పుడూ తప్పే అని మేము అనడం లేదు. 2024 అధ్యక్ష ఎన్నికలో సర్వేలు సరిసమానం అంటుంటే అది ట్రంప్ వైపు చూపింది. అలాగే జరిగింది. కానీ ప్రైమరీ సంగతి వేరు. 2014లో వర్జీనియాలో ఎరిక్ కాంటర్ సొంత సర్వే ఆయన 34 పాయింట్లు ముందున్నారని చెప్పింది. ఓడిపోయారు. 2018 జూన్ 26న న్యూయార్కులో జో క్రౌలీ వంటి పెద్ద నాయకుణ్ణి 28 ఏళ్ళ ఒకాసియో కోర్టెజ్ ఓడించింది. అక్కడ ఓటు వేసినవారు 30 వేల లోపే. 2025లో న్యూయార్కు మేయర్ ప్రైమరీలో మార్కెట్ వారాల తరబడి క్యూమో వైపే ఉంది. గెలిచింది మమ్దానీ. ఓటేసేవారు తక్కువైన చోట నాలుగు వీధులు కదిలితే ఫలితం మారుతుంది.

మేము రైల్వేలో ఉన్నవాళ్ళం. ఇప్పుడు వెయిటింగ్ లిస్టు టికెట్టుకు కూడా ఫోనులో శాతం చూపిస్తారు. చార్టు వేసేదాకా అది ఊహే. అయినా అక్కడ ప్రయాణికుడి చేతిలో ఏమీ లేదు, కూర్చుని చూడాలి. ప్రైమరీలో అలా కాదు. చార్టు వేసేది ఓటరే. శాతం చూసి ఓటరు ఇంట్లో కూర్చుంటే ఆ శాతం తనంతట తానే నిజమైపోతుంది.

"విరాళం ఎవరికివ్వాలో తెలుస్తుంది కదా" అంటారు కొందరు. గెలిచేవాడికే ఇస్తే కొత్తవాడు లేచేదెప్పుడు? హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ అదే 2018 జూన్ 26న మేరీలాండ్ 6వ నియోజకవర్గం ప్రైమరీలో ఓడారు. ఎదుట డేవిడ్ ట్రోన్ కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టారు. ఆమె మాత్రం ఇంట్లో కూర్చోలేదు. 2022లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు.

ఇంకొక మాట. పేరు మార్కెట్ అయినా పందెం పందెమే. తమిళనాడు ఆన్‌లైన్ జూదం మీద చట్టం చేసింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆ ధరలను మన సంఘంలో వార్తలాగా పంచితే ఇక్కడి కుర్రాళ్ళకు ఆ దారి మనమే చూపినట్టు.

తలలు లెక్కబెట్టి "మీరు కొద్దిమందే, మీ తెలుగు ఎన్నాళ్ళు ఉంటుంది" అని తాతల కాలం నుంచి మనకు చెబుతూనే ఉన్నారు. ఆ లెక్క నమ్మి ఉంటే ఈ సంఘమే ఉండేది కాదు.

కాబట్టి పిల్లలు ఫోను చేసినప్పుడు శాతం అడగకండి. "సిటిజన్ అయ్యావా? ఓటరుగా నమోదయ్యావా?" అని అడగండి. న్యూయార్కు, మేరీలాండ్ వంటి చోట్ల ముందే ఆ పార్టీలో నమోదు కాకపోతే ప్రైమరీ ఓటు ఉండదు. సిటిజన్‌షిప్పుగానీ గ్రీన్ కార్డుగానీ లేనివారు విరాళమూ ఇవ్వకూడదు. ఇక్కడున్న మనమూ అంతే. మనం ఇవ్వగలిగింది ఆ ఒక్క ప్రశ్నే. అది ఈ ఆదివారమే అడుగుదాం.