నీళ్లు, సైకిల్, ఉరుకుడు

ట్రయథ్లాన్ అనే ఆట పేరు మన వాడల్లో చాలామంది విని ఉండరు. పేరు నోరు తిరగకపోయినా ఆట అర్థం కావడానికి కష్టమేమీ లేదు. ఒకే మనిషి, ఒకే పొద్దు. ముందు ఈదాలె, తర్వాత సైకిల్ తొక్కాలె, ఆ తర్వాత ఉరకాలె. నడుమ ఆగుడు లేదు. తడి ఒంటితోనే సైకిల్ ఎక్కాలె. బూట్లు తొడుక్కునేటప్పుడు కూడా గడియారం నడుస్తనే ఉంటది. ఇందులో సగం దూరం పోటీ అని ఒకటుంది. సగం అంటే చిన్నదనుకునేరు! 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. చెరువు ఈది, మెదక్ నుంచి ఇంచుమించు పట్నం దాక సైకిల్ తొక్కి, దిగంగనే సగం మారథాన్ ఉరికినట్టు. మామూలోళ్లకు ఎనిమిదిన్నర గంటల గడువు. ఈత గంటా పది నిమిషాల్లో కాకపోతే ఒడ్డు మీదనే ఆపేస్తరు.

ఇండ్ల జాగలు, కూలి రేట్లు వదిలి ఈ దొరల ఆట మనకెందుకని మిత్రులు అడగవచ్చు. అడగాల్సిందే. ఐరన్‌మ్యాన్ వాళ్ల సగం దూరం పోటీ మన దేశంలో 2019 అక్టోబర్‌లో గోవాలో మొదలైంది. పోటీకి కట్టే ఫీజు వేలల్లో, మంచి సైకిల్ ఖరీదు లక్షల్లో. మొదటి ఏడు గెలిచినవాడు సైన్యంలో పనిచేసే మణిపూర్ బిడ్డ, బిష్వోర్జిత్ సైఖోమ్. సైన్యంలో ఉన్నవాడికి నెలనెలా జీతముంటది, ఒళ్లు వంచడానికి పొద్దు దొరుకుతది. ఆ రెండూ లేని కూలోని కొడుకు సంగతేంది? ఆ ప్రశ్న కోసమే ఇది రాస్తున్నం.

ముందు అమెరికా నల్ల బిడ్డ ఒకామె గురించి చెప్పుకోవాలె. పేరు సీకా హెన్రీ. వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్ ఆమె ఊరు. 2019లో టెక్సస్‌లో ఒక సగం దూరం పోటీలో సైకిల్ మీంచి పడింది. ముఖానికి కుట్లు పడ్డయి. మానలేదు. 2021లో ప్రొఫెషనల్ లైసెన్స్ సంపాదించింది. ఆఫ్రికన్-అమెరికన్ ఆడవాళ్లలో ఈ ఆటలో ఆ లైసెన్స్ అందుకున్న మొదటి మనిషి ఆమె. మగవాళ్లలో మాక్స్ ఫెనెల్ అంతకు ముందు, 2014లో అందుకున్నడు. సగం దూరం పోటీకి ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టింది 2006లో. అంత ధనవంతమైన దేశంలో ఒక నల్ల ఆడమనిషి ఆ గీత దాటడానికి ఆ తర్వాత ఇంకో పదిహేనేండ్లు పట్టింది.

లైసెన్స్ వచ్చినంక ఏమైతదో వినండి. నిన్నటి దాక తన వయసు వాళ్లతో పోటీ. ముప్పై దాటినవాళ్లకు వాళ్ల గుంపు వాళ్లకే, నలభై దాటినవాళ్లకు వాళ్ల గుంపు వాళ్లకే. కొత్తగా ప్రొఫెషనల్ అయిన మనిషికి ఆ నీడ పోతది. ఒలింపిక్స్‌లో ఈదొచ్చిన ఇరవై ఏండ్ల పిల్ల పక్కన నిలబడి నీళ్లలో దుంకాలె. ముందు పోయే సైకిల్ వెనక గాలి చాటుకు నక్కరాదు, ఎడం పాటించాలె, తప్పితే శిక్ష. నీళ్లలోంచి ఆలస్యంగా వచ్చిన కొత్త మనిషికి 90 కిలోమీటర్లూ ఒంటరి బాటే. జీతమిచ్చేటోడు లేడు. బహుమతి సొమ్ము ముందొచ్చిన కొద్దిమందికే. నిన్న తన గుంపులో ముందొచ్చినామె ఇయ్యాల పెద్దల గుంపులో చివర వస్తది. ఒక ఏడాది, రెండేండ్లు అట్లనే వస్తది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కొత్తగా వచ్చింది, నేర్చుకుంటున్నది అంటరు.

మన పిల్లలకు ఆ మాట దొరకదు. నేను బడిపంతులును. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. మండల పోటీలకు పోయిన మాదిగ పిల్లగాడు మొదటిసారే మొదట రావాలె. రాకపోతే ఇంట్ల తల్లి పత్తి ఏరబోదాం రా అంటది. ఆమె తప్పు లేదు, ఒక రోజు కూలి పోయింది కద. బడిల మాత్రం "వీళ్లకు ఎంత చేసినా ఇంతే" అంటరు. వాళ్ల పిలగాడు ఓడితే ఒక్కడే ఓడినట్టు, మన పిలగాడు ఓడితే కులమంతా ఓడినట్టు! ఇంజనీరింగ్ సీటైనా, కొలువైనా, ఆటైనా ఇదే లెక్క. కిందామీదా పడుకుంట నేర్చుకునే రెండేండ్ల కాలం ఎవరి బిడ్డకు దొరుకుతదో వాడే ప్రొఫెషనల్ అయితడు.

ఇగ నీళ్ల సంగతి. ఈ ఆట మొదలయ్యేది నీళ్లలో. మనల్ని ఆపింది కూడా అక్కడ్నే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో మహద్‌లోని చౌదార్ చెరువుకు నడిచి నీళ్లు తాగితే, తర్వాత అగ్రకులాలోళ్లు ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కడవలకొద్ది కలిపి చెరువును శుద్ధి చేసుకున్నరు. ఆ నీళ్ల మీద హక్కు హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. 1964 జూన్ 18న అమెరికాలో, ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ ఊళ్లె, నల్లోళ్లూ తెల్లోళ్లూ కలిసి ఒక మోటెల్ ఈతకొలనులో దిగిండ్రు. యజమాని ఆ నీళ్లలో యాసిడ్ పోసిండు. ఇక్కడ పేడ, అక్కడ యాసిడ్. 2017లో అమెరికా ఈత సంస్థ చేయించిన సర్వేలో నల్ల పిల్లల్లో నూటికి 64 మందికి ఈత రాదు, లేకుంటే అంతంతమాత్రమని తేలింది. నల్లోళ్ల ఒంట్లోనే ఈత లేదని తెల్లోళ్లు చాన్నాళ్లు కతలు చెప్పిండ్రు. కొలను గేటుకు తాళం వేసింది ఎవరో మాత్రం చెప్పలేదు.

మన దగ్గర? 1985 జూలైలో కారంచేడులో రగడ లేచింది తాగేనీళ్ల చెరువు కాడనే. బర్రెకు కుడితి పెట్టిన బకెట్ అందులో కడగొద్దన్నందుకు. బిందె ఎత్తి నిలబడింది మాదిగ ఆడబిడ్డ మున్నంగి సువార్త. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను చంపిండ్రు. నీళ్లలో దిగి ఈదుడు తర్వాతి మాట, నీళ్లు పాడు చేయకని అన్నందుకే ఆరు పానాలు పోయినయి.

మన మెదక్ పల్లెల్లో ఈత ఎవరు నేర్చిండ్రో చూడండి. పొలంల సొంత బాయి ఉన్నోని కొడుకు నేర్చిండు. నడుముకు సొరకాయ బుర్ర కట్టి, తండ్రో చిన్నాయినో పైనుంచి తాడు పట్టుకుంటే నేర్చిండు. బాయి లేనోనికి బర్లు దిగే కుంటనే గతి. ఇప్పుడు ఆ కుంటల్లో మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు, ఎక్కడ లోతుందో తెల్వదు. ఎండకాలం సెలవుల్లో పిల్లలు మునిగి చచ్చిపోయిండ్రన్న వార్త లేని ఏడు ఉన్నదా? మంజీర మన పక్క నుంచే పారుతది. సింగూరు నీళ్లు పైపుల్లో పట్నం పోయినయి. అక్కడి ఈతకొలన్లలో మన మంజీర పాలెంతో ఎవరన్నా లెక్క తీస్తే బాగుండు.

సైకిల్ గురించి ముసలోళ్లనడగండి. దొర గడి ముందర సైకిల్ దిగి, చెప్పులు చేతబట్టుకొని నడిచినోళ్లు ఇంకా చెప్తరు. ఉరుకుడైతే మనకు కొత్తగా ఎవరూ నేర్పేది లేదు. నిజాం రాజ్యంల వెట్టి కింద మన తాతలు దొరల కచ్చడాల ముందర దారి చేసుకుంట ఉరికిండ్రు, ఊరి నుంచి ఊరికి కాయితాలు మోసిండ్రు. దానికి గడియారం పట్టినోడు లేడు, పతకమిచ్చినోడు లేడు, కూలి కూడా లేదు.

అయితే ఏం చేయాలె? జవాబు మన కండ్ల ముందర ఉన్నది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలిద్దరు, మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్, ఎవరెస్ట్ ఎక్కిండ్రు. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు కూడా నిండలేదు. వాళ్లకు మొదలు తాడు పట్టడం నేర్పింది భువనగిరి గుట్ట మీద. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు పోటీలు కలిపిన హెప్టాథ్లాన్‌ల కంచు పతకం తెచ్చిన అగసర నందిని కూడా గురుకులంల చదివిన పిల్లనే, చాయ్ అమ్మే తండ్రి బిడ్డ. గురువు, సామాను, తిండి, కాలం ఇస్తే అయింది కద! వాళ్లు గెలిచిండ్రు కాబట్టి పేర్లు రాస్తున్నం. వాళ్లతో పాటు శిక్షణ తీసుకొని పైదాక పోని పిల్లల పేర్లు ఎవరికీ యాదిలేవు. వాళ్లకు ఇంకో ఏడు, ఇంకో ఏడు ఇవ్వాలన్నదే మా మాట.

కాబట్టి అడుగుతున్నం. జిల్లాకొకటన్నా గురుకులంల ఈతకొలను కట్టాలె, ఆడపిల్లలకు నేర్పడానికి ఆడ మాస్టర్‌ను పెట్టాలె. ప్రాక్టీసు సైకిళ్లు బడి పేరున ఉండాలె, గెలిచిన పిల్లకు బహుమతిగా ఇచ్చి చేతులు దులుపుకోరాదు. పోటీకి పోయిన పిల్ల చివర వచ్చినా నాలుగేండ్లు తిండి, దారి ఖర్చులు బంద్ కారాదు. ఈ చివరిదానికే అధికారులు నవ్వుతరు. నవ్వనీయండి, అడుగుడు మాత్రం ఆపొద్దు.

అన్నలారా, అక్కలారా, మీ ఊరి చెరువుల ఈదే పిల్లలు ఏ వాడ పిల్లలు, మన పిల్లలు ఏ గట్టు కాడ దిగుతరు, ఎవరన్నా దిగనియ్యక తరిమిండ్రా, రాసి పంపండి. వచ్చే సంచికల అచ్చు వేస్తం. ఆడపిల్లల సంగతి విడిగా రాయండి.