కూపన్ ఇచ్చి కూలికి పెట్టుకుంటున్నారు

2023 జూన్‌లో కరీంనగర్‌లో ఒక కొత్త హోటల్ వాళ్లు రూపాయికే బిర్యానీ అన్నారు. బిళ్ల ఇస్తే కుదరదు, రూపాయి నోటే తేవాలి. ఈ రోజుల్లో రూపాయి నోటు ఎవరి దగ్గరుంటుంది, ఏ పదిమందో వస్తారనుకున్నారో ఏమో! తీరా చూస్తే ఎక్కడెక్కడో దాచుకున్న నోట్లన్నీ బయటికొచ్చాయి. జనం రోడ్డెక్కారు, ట్రాఫిక్ ఆగిపోయింది, పోలీసులొచ్చి హోటల్ మూయించారు. పనిలో పనిగా అడ్డదిడ్డంగా నిలిపిన బళ్లకు చలానాలు కూడా రాశారు. రూపాయితో కడుపు నింపుకుందామని వెళ్లి, అంతకు ఎన్నో రెట్లు జరిమానా కట్టొచ్చిన వాళ్లున్నారు.

అందరం నవ్వుకున్నాం. ఆ హోటల్ మాత్రం నష్టపోలేదనే నా లెక్క. తలుపులు తెరిచీ తెరవకముందే ఊళ్లో దాని పేరు తెలియని మనిషి లేడు. ఆ ప్రచారాన్ని డబ్బు పెట్టి కొనాలంటే ఎన్ని ఫ్లెక్సీలు కట్టాలి, ఎన్ని ఆటోలకు మైకులు బిగించాలి? క్యూలో నిలబడ్డవాడు సెల్ఫీ తీసుకున్నాడు, దొరికినవాడు స్టేటస్ పెట్టాడు, దొరకనివాడు తిట్టుకుంటూ ఇంకో స్టేటస్ పెట్టాడు. హోటల్‌కు వీళ్లందరూ పనిచేసిపెట్టారు.

ఆఫర్లు మనకు కొత్తేం కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బట్టల కొట్లలో బేరాలుండవు. ఆ ఖాళీ నెలను మన వస్త్రవ్యాపారులు తగ్గింపు ధరల పండగగా మార్చేశారు. పిల్లలకు ఎర వెయ్యడం కూడా పాతదే. గోల్డ్‌స్పాట్ మూతల అడుగున జంగిల్ బుక్ బొమ్మలొచ్చేవి, వాటి కోసం కొట్టు ముందు మట్టిలో వెతుక్కునేవాళ్లు. 1999 ప్రపంచ కప్పుకు ముందు బ్రిటానియా బిస్కెట్ రేపర్ల మీద పరుగులచ్చేసి, వంద పోగుచేస్తే బహుమతి పుస్తకమంది. అప్పట్లో ఇల్లిల్లూ రేపర్ల దుకాణమే. అయితే మూత ఏరుకున్న పిల్లాడి పేరేమిటో, వాడి స్నేహితులెవరో, రాత్రి ఎన్నింటికి పడుకుంటాడో ఆ కంపెనీలకు తెలియదు. కొన్నది తాగేసి, తినేసి వెళ్లిపోతే వ్యవహారం అక్కడితో సరి.

ఫోన్ వచ్చాక సరి కాలేదు. గూగుల్ వాళ్లు 2017 సెప్టెంబర్‌లో తేజ్ అనే పేరుతో డబ్బు పంపే యాప్ తెచ్చినప్పుడు, ఇంకొకరిని చేరిస్తే 51 రూపాయలన్నారు. ఆ అంకె చూడండి. 50 కాదు, 51. ఉత్తరాది శుభకార్యాల్లో చేతిలో పెట్టే శగున్ లెక్క. మన దగ్గరే పుట్టి ఉంటే నూటపదహార్లు ఇచ్చేవాళ్లేమో. అదే యాప్ గూగుల్ పే అయ్యాక, 2019 దీపావళికి అయిదు స్టాంపులు పోగుచేస్తే 251 రూపాయలన్నారు. దీపం, జుంకా, పువ్వు, లాంతరు తేలిగ్గానే దొరికాయి. రంగోలి ఒక్కటి దొరకలేదు. దేశమంతా దాని కోసం వెతుకులాటే. ఏనాడూ పలకరించని దూరపు చుట్టాలు కూడా ‘మీ దగ్గర రంగోలి ఉందా’ అని మెసేజ్ పెట్టిన రోజులవి. ఆఫీసుల్లో, కాలేజీల్లో అదే మాట. గూగుల్ పే అంటే ఏమిటో తెలియని వాళ్లకు దాన్ని నేర్పింది గూగుల్ కాదు, రంగోలి దొరకని మన పిల్లలు. తమిళనాడులో 1979 నుంచీ బహుమతి పథకాల నిషేధ చట్టం ఉంది కాబట్టి స్క్రాచ్ కార్డుల సరదా అక్కడి వాళ్లకు లేకుండా పోయింది. పాత చట్టమైనా ఆ ముక్క పనికొచ్చిందనే అంటాను.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సోషల్ మీడియాలో యువతకు సరుకు అమ్ముతున్నారని అందరం అంటుంటాం. నిజానికి యువత చేతనే అమ్మిస్తున్నారు. ఆఫర్ పేరుతో వాళ్ల చేతిలో పెడుతున్నది తగ్గింపు కాదు, కూలి. అదీ చాలా చవక కూలి.

ఇన్‌స్టాలో ఒక తెలుగు రీల్ తీసుకుందాం. ‘ఈ విషయం మీకెవ్వరూ చెప్పరు’ అని మొదలవుతుంది. మొదటి మూడు సెకన్లలో వేలు ఆగకపోతే పని అయిపోయినట్టే కాబట్టి ఆ వాక్యం తప్పదు. తర్వాత ఒక కుర్తీనో, మొహానికి రాసుకునే సీరమో, ఇయర్ బడ్సో చూపిస్తారు. ధర చెప్పరు. ‘కావాలంటే కామెంట్లో లింక్ అని పెట్టండి, మీకు పంపిస్తాను’ అంటారు. కింద చూడండి: లింక్, లింక్, లింక్ ప్లీజ్, లింక్ అక్కా, లింక్ సిస్, మళ్లీ లింక్. వందల కొద్దీ. కామెంట్ పెట్టిన మరుక్షణం మీ ఇన్‌బాక్సులో మెసేజ్ వాలుతుంది. అక్క పంపిందనుకుంటారు. అది అక్క కాదు, అద్దెకు తెచ్చిన సాఫ్ట్‌వేర్. మరి ఆ లింకును రీల్ కిందే పెడితే పోయేదిగా? పెట్టరు. కామెంట్లు ఎక్కువయ్యే కొద్దీ ‘ఈ రీల్ జనానికి నచ్చింది’ అని యాప్ లెక్క కట్టి ఇంకో పదివేల మందికి చూపిస్తుంది. అంటే లింక్ అడిగిన ప్రతి పిల్లా ఆ రీల్‌ను తనకు తెలియకుండానే భుజాన వేసుకుని పది గడపలు తిప్పింది. లింక్ నొక్కి కొంటే రీల్ చేసినవాళ్లకు కమీషన్. కామెంట్ పెట్టినవాళ్లకు? కుర్తీ, అది కూడా డబ్బు కట్టి.

రిఫరల్ కోడ్ దీనికి అన్న. మా అపార్ట్‌మెంట్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు లిఫ్ట్‌లో కనిపిస్తే చాలు, ‘అంకుల్, ఒక్కసారి మీ ఫోన్ ఇస్తారా, ఈ యాప్ వేస్తాను. నాకు యాభై వస్తాయి, మీకూ యాభై తగ్గుతుంది’ అంటాడు. ‘నాకెందుకురా ఆ యాప్’ అంటే, ‘మీకు అక్కర్లేదు అంకుల్, వేసి తీసేద్దాం’ అంటాడు. మంచి పిల్లాడు, మొహమాటానికి ఫోన్ ఇస్తాం. ఓ రోజు కూర్చోబెట్టి లెక్క అడిగాను. వచ్చిన యాభై రూపాయలు చేతికి రావు, యాప్‌లోనే ఉంటాయి. ఇంత మొత్తానికి కొంటేనే వాడుకోవాలి. ఇన్ని రోజుల్లోపల వాడాలి. ఒక్కో ఆర్డరుకు అందులో కొంతే తగ్గుతుంది. ఆ గడువు దాటకుండా చూసుకోవడానికి వాడు అవసరం లేని చిప్స్, కూల్‌డ్రింక్స్ అర్ధరాత్రి తెప్పించుకుంటున్నాడు. వాళ్ల హాస్టల్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో చదువు కబుర్లకంటే కోడ్‌లే ఎక్కువ. ఒక కంపెనీ ఇంటింటికీ మనిషిని పంపి తన యాప్ వేయించాలంటే జీతం, పెట్రోలు, పీఎఫ్ చూసుకోవాలి. ఈ కుర్రాడికి ఏదీ అక్కర్లేదు. పైగా సేల్స్‌మన్‌కు తలుపు తియ్యని మనం వీడికి తీస్తాం. ఆ నమ్మకమే అసలు సరుకు. దాని ఖరీదు యాభై రూపాయల కూపన్.

ఇదే యంత్రాన్ని బెట్టింగ్ యాప్‌లు వాడుకున్న తీరు మన రాష్ట్రాల్లో చూశాం. పద్ధతిలో పిసరంత తేడా లేదు. చేరగానే బోనస్, ఇంకొకరిని చేరిస్తే ఇంకో బోనస్, టెలిగ్రామ్‌లో లింక్. చెప్పేదెవరు? పల్లెటూరి యాసలో కామెడీ స్కిట్లు చేసి పేరు తెచ్చుకున్న పిల్లలు, బైకుల మీద ఊళ్లు తిరిగే వ్లాగర్లు. సినిమా హీరో చెబితే ‘డబ్బు తీసుకుని చెబుతున్నాడులే’ అనుకునే కుర్రాడు, తనలాగే మాట్లాడేవాడు చెబితే నమ్మేశాడు. పోగొట్టుకున్నదాన్ని రాబట్టుకోవాలని అప్పులు చేసి, చివరికి ప్రాణాలు తీసుకున్న వాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. అప్పటికి ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ ఈ ప్రచారాల మీద ఎక్స్‌లో పదేపదే రాశారు. 2025 మార్చిలో పంజాగుట్ట పోలీసులు 11 మంది ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, ఆ వెంటనే మియాపూర్ పోలీసులు సినిమా వాళ్లతో కలిపి 25 మంది మీద కేసులు పెట్టారు. తెలంగాణ 2017లోనూ ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించినా ప్రచారం మాత్రం అన్నేళ్లూ ఆగలేదు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా ఆ ఆటల్ని నిషేధించి, వాటి ప్రకటనలకు రెండేళ్ల జైలు, 50 లక్షల జరిమానా వరకు పెట్టాక కాస్త జంకు వచ్చింది.

సీరం అమ్మడం, జూదం అమ్మడం ఒకటేనా అని అడగొచ్చు. సరుకు ఒకటి కాదు, ఒప్పుకుంటాను. అమ్మే దారి ఒకటే. ఆ దారిలో కాపలా ఎవరూ లేరన్నదే నా ఫిర్యాదు.

చట్టాలు లేక కాదు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలిచ్చింది. సరిపడా సరుకు లేకుండా చవక ధర చూపించి రప్పించడం అందులో తప్పు. షరతులు వర్తిస్తాయని రాసే ముక్క కూడా ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలి. తెలుగులో మూడు నిమిషాలు మాట్లాడి, మూలన చీమంత అక్షరాల్లో ఇంగ్లిష్‌లో షరతులు రాసే వాళ్లు ఈ మాట చదివినట్టు లేదు. 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ఇంకో పత్రం వచ్చింది: డబ్బే కాదు, ఉచితంగా వస్తువు తీసుకున్నా, డిస్కౌంట్ పొందినా, హోటల్ గది ఇప్పించుకున్నా ఆ సంగతి చెప్పి తీరాలి. వీడియో అయితే రాసి చూపించాలి, నోటితోనూ చెప్పాలి. మొదటి తప్పుకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా. అదే ఏడాది నవంబర్‌లో వెబ్‌సైట్లు, యాప్‌లు చేసే 13 రకాల మాయల్ని పేరుపేరునా చెప్పి నిషేధించారు. ఇంకా రెండే ఉన్నాయి, త్వరపడండి అని అబద్ధం చెప్పడం, మనం వెయ్యని వస్తువు బుట్టలో వెయ్యడం, చివరి పేజీలో ధర పెంచడం, వద్దంటే సిగ్గుపడేలా మాట అనడం వాటిలో కొన్ని.

బాగానే ఉంది. కానీ ఇవన్నీ ప్రకటన చేసేవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు అన్న పాత నమూనా మీద రాసినవి. రెండువందల మంది ఫాలోయర్లున్న డిగ్రీ పిల్ల తన కోడ్ స్టేటస్‌లో పెడితే ఆమె ఇన్‌ఫ్లుయెన్సరా, వినియోగదారా? ‘మా పేజీ ఫాలో అయి ముగ్గురిని ట్యాగ్ చేస్తే ఫోన్ గెలుచుకోవచ్చు’ అన్న కొట్టువాడు చివరికి ఫోన్ ఎవరికిచ్చాడో చూపించాలని అడిగేదెవరు? పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద నిఘా పెట్టి వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు చూపించకూడదని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో గానీ రాలేదు. కంపెనీలు సర్దుకోవడానికి మరో 18 నెలల గడువిచ్చారు. ఈలోపు ఇంటర్ పిల్లాడు డిగ్రీ కూడా మొదలుపెడతాడు.

నన్ను ఫోన్‌కు శత్రువుగా చూడొద్దు. చేతిలో పెట్టుబడి లేని వాళ్లకు ఇన్‌స్టా నిజంగా దారి చూపింది. మంగళగిరి చేనేత కుటుంబంలో పిల్ల తన ఫోన్లో చీర విప్పి చూపిస్తే, దళారీ లేకుండా అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబం కొంటోంది. గోదావరి జిల్లాల్లో ఇంట్లో పచ్చళ్లు పెట్టే ఆడవాళ్లు డల్లాస్‌కు పార్సిల్ పంపుతున్నారు. వాళ్లు కూడా ఆఫర్ ఇస్తారు, ఇవ్వాలి. ‘ఈ చీర ఇంత, కొరియర్ ఇంత, నచ్చకపోతే ఇన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటాం’ అని తెలుగులో రాసి పెట్టేవాళ్లకు నేను వందకు వంద వేస్తాను. ‘ప్రైస్ డీఎం’ అన్నవాళ్లకు సున్నా. ధర దాచేవాడు మనిషిని బట్టి ధర చెప్పడానికే దాస్తాడు. ఈ ఒక్క సంగతి పిల్లలకు నేర్పితే సగం పని అయిపోతుంది.

అయినా భారమంతా పిల్లల నెత్తినే పెట్టడం నాకు ఇష్టం లేదు. చెయ్యాల్సింది చిన్నదే. రిఫరల్ కోడ్‌తో పంపిన ప్రతి మెసేజ్‌లో ‘దీనివల్ల నాకు ఇంత వస్తుంది’ అన్న వాక్యం యాప్ తనంతట తానే, పంపేవాళ్ల భాషలో చేర్చాలి. కూపన్ డబ్బుకు ఎన్ని షరతులున్నాయో కోడ్ ఇచ్చే ముందే కనిపించాలి. పద్దెనిమిది నిండనివాళ్లకు రిఫరల్ బోనస్సే ఉండకూడదు. ఆ వయసువాళ్లతో ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్ట్ చట్టం నుంచీ ఉన్న మాటే. పని చేయించుకోవడానికి మాత్రం వయసు అడ్డు రాదంటే ఎలా?

వినియోగదారుల సంస్థ ఇవి అడగాలంటే ఫిర్యాదులు వెళ్లాలి. మోసపోయిన పిల్లలు ఇంట్లో చెప్పరు, చెబితే ఫోన్ లాక్కుంటారని భయం. ఫోన్ లాక్కోకండి, పక్కన కూర్చుని ఫిర్యాదు చేయించండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.