పటములకు నడకయు పాటయు

పెండ్లి యైనను, షష్టిపూర్తి యైనను, పెద్దల యాబ్దికమైనను, ఇంటిలోని పాత పటములను వరుసగా గూర్చి, వానికి కదలికయు సంగీతమును జోడించి తెరపై చూపుట నేడు పరిపాటి యైనది. ఆ పని స్టూడియోవారి కొప్పగించువారు కొందఱు. స్వయముగా చేసికొనగోరువారు మఱికొందఱు. రెండవ తెగవారు మమ్మడుగు ప్రశ్న యొక్కటే: "ఏ సాఫ్ట్‌వేరు మంచిది?" మేమీ విద్యలో పండితులము కాము, ఒక తప్పు చేసి నేర్చుకొన్నవారము. కావున నా తప్పునే ముందుగా చెప్పుదుము.

సింగరాయకొండలోని మా యింట, మా యత్తగారి డెబ్బదవ పుట్టినరోజున చూపుటకై ముప్పది పటములు సమకూర్చితిమి. సెల్‌ఫోనులోని యొక యప్లికేషను పటములను మాత్రమిచ్చిన చాలును, తక్కినదంతయు తానే చేయుదునన్నది. ఇచ్చితిమి. మూడు నిమిషములలో నంతయు సిద్ధమైనది. చుట్టములు మెచ్చుకొనిరి. అత్తగారు మాత్రము కడవఱకు కన్నార్పక చూచి, "అమ్మాయీ, మీ మామగారేరీ?" అని యడిగిరి.

మామగారి పటము మా యింట నొక్కటే యున్నది. అది 1985లో పొగాకు బ్యారను ముందఱ పదునలువురు నిలిచి తీయించుకొన్నది. వారు ఎడమవైపు చివర నిలిచియున్నారు. యంత్రము ముఖములెక్కువగా నున్న నడుమకు చూపు మరల్చి దగ్గఱకు బోయినది. రెండు క్షణములలో మామగారు చట్రము వెలుపల బడిరి. ముప్పది పటములలో నత్తగారు ఎదురుచూచినది ఆ యొక్క ముఖము కొఱకే. ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు.

కావున సాఫ్ట్‌వేరు నెన్నుకొనువారు మొదట చూడవలసిన గుణమిది: పటముపై చూపు ఎచట మొదలిడి ఎచట ముగియవలయునో మన చేతితో నిర్ణయించు వీలుండవలయును. ఆ వీలులేనిది ఎంత సొగసైనను మనకు పనికిరాదు.

నిశ్చలమైన పటముపై చూపును మెల్లగా నడపు నీ పద్ధతిని నేడు కెన్ బర్న్స్ ఎఫెక్టు అందురు. ఆ పేరుగల యమెరికా దేశస్థుడు 1990లో వెలువడిన "ది సివిల్ వార్" అను చిత్రమునందు పాత ఛాయాపటములనీ రీతిని నడిపెను. అంతకు పూర్వమే, 1957లో, కెనడావారి "సిటీ ఆఫ్ గోల్డ్" అను చిత్రమునందును ఈ పద్ధతి కలదు. మన సీమవారికిది మిక్కిలి క్రొత్త కాదు. తోలుబొమ్మలాటలో బొమ్మను తెరకంటించిన స్పష్టముగా నగపడును. దీపమువైపు వెనుకకు జరిపిన పెద్దదై మసకబారును. ఏ బొమ్మ నెప్పుడు నిలుపవలయునో, ఎప్పుడాడింపవలయునో ఆటగాని చేతిలోనున్నది. మచిలీపట్టణమునుండి మదరాసునకు బోయి ఛాయాగ్రాహకుడైన రఘుపతి వెంకయ్యగారు, 1910 ప్రాంతమున, క్రోనోమెగాఫోనను యంత్రమును దెప్పించి బొమ్మల నాడించుచు గ్రామఫోను పలుకులు వినిపించిరి. పటమునకు నడకయు నోరును గావలయునను కోరిక మనలో పాతదే.

రెండవ గుణము: ఖర్చు, ముద్ర. ఉచితమని చెప్పు కొన్ని యప్లికేషనులు తుదికి తమ పేరును పటముపై అచ్చొత్తును, తీసివేయుటకు రొక్కమడుగును. కంప్యూటరున్నవారికి ఓపెన్‌షాట్, షాట్‌కట్, కెడెన్‌లైవ్ అనునవి పూర్తిగా నుచితములు, ముద్ర లేనివి. మూడింటను చూపు మొదలును తుదియు మనమే గుర్తింపవచ్చును. డావించి రిజాల్వునకును ఉచితరూపము కలదు. కాని యది బలమైన కంప్యూటరును గోరును, నేర్చుటకు కాలము పట్టును. ఇంటిపనికి మొదటి మూడింటిలో నొకటి చాలును.

మూడవది: సాఫ్ట్‌వేరులకును ఆయువున్నది. ఎందఱికో మొదటి గురువైన విండోస్ మూవీ మేకరును మైక్రోసాఫ్టువారు 2017లో మానివేసిరి. పెండ్లి ఆల్బములకు స్టూడియోలలో పేరుబడిన ప్రోషో అనుదానిని జేయు సంస్థ 2020లో మూతపడెను. కావున పని ముగియగానే దానిని ఎంపీ4 రూపమున భద్రపఱుపవలయును. పటముల మూలప్రతులను వేఱుగా రెండుచోట్ల నుంచవలయును. సాఫ్ట్‌వేరు కుండ వంటిది, పటములు విత్తనముల వంటివి. కుండ పగిలినను విత్తనము నిలువవలయును గదా.

పటములను సెల్‌ఫోనుతో తీయక స్కాను చేయించుట మేలు. ఆఱంగుళముల పటమును అంగుళమునకు 600 చుక్కల వంతున స్కాను చేసినచో వెడల్పున 3,600 చుక్కలు వచ్చును. పెక్కు టీవీల తెర వెడల్పు 1,920 చుక్కలు. అనగా పటములో ఇంచుమించు సగముమేర వఱకు దగ్గఱకు బోయినను మసకబారదు. అంతకు మించి పోరాదు. పటమొక్కింటికి ఐదాఱు క్షణములు చాలును. పాట నాలుగు నిమిషములైనచో నలువది మొదలు నలువదియెనిమిది పటములు పట్టును. అన్నిటికిని నడక వలదు; మూడింట నొకదానిని కదలక నిలిపినచో కన్నులకు విశ్రాంతి.

సంగీతము విషయమున నొక జాగ్రత్త. త్యాగరాజస్వామివారు 1847లో సిద్ధి పొందిరి. వారి కృతులపై నేడెవరికిని కాపీరైటు లేదు. కాని యొకరు పాడి రికార్డు చేసి వెలువరించినదానిపై మన 1957 నాటి చట్టము 60 ఏండ్ల హక్కు నిచ్చినది. అట్టి పాటను జేర్చి యూట్యూబులో నుంచినచో యంత్రమే గుర్తించి అభ్యంతరము చెప్పవచ్చును. యూట్యూబువారి యాడియో లైబ్రరీలో నుచిత సంగీతము దొరకును. అంతకంటె మంచిది మీ యింటిలోనే యున్నది.

మేము రెండవమాఱు చేసినపుడు పాటలు వెదుకలేదు. అత్తగారి యెదుట పటములొక్కొక్కటి పెట్టి, ఫోనులో వారి మాటలే రికార్డు చేసితిమి. "ఈమె మా పెద్దాడబిడ్డ, ఈయన బ్యారను మేస్త్రి" అని చెప్పుచు పోయిరి. మాకు పేరు తెలియని పదిమంది పేర్లు ఆ పూటలో తెలిసినవి. నడుమ నొక మంగళహారతియు పాడిరి; గొంతు వణకినను తీసివేయలేదు. బ్యారను పటము వచ్చినపుడు చూపును ఎడమ చివర మామగారి ముఖమున మొదలిడి, నాలుగు క్షణములు కదలక నిలిపి, పిదప మెల్లగా వెనుకకు దీసి పదునలువురను జూపితిమి. అత్తగారు ఏమియు ననలేదు. "మఱియొకమాఱు వేయుము" అనిరి.

కావున సోదరీమణులారా, సాఫ్ట్‌వేరు పేరడుగుటకు ముందు, మీ పటములలో మూల నిలిచినవారెవరో పెద్దల నడిగి వ్రాసికొనుడు. చూపు నెచట మొదలిడవలయునో అప్పుడు తెలియును. ఆ పని వారు మనతో నుండగానే జరుగవలయును.