వేప మొదలుదాకా సిమెంటు ఎందుకు?

ఉగాది పచ్చడికి మనం కోసుకునే వేపపువ్వూ, చిత్తిరై ఒకటికి మన తమిళ ఇరుగుపొరుగు కోసుకునే వేపపువ్వూ చాలావరకు వీధిచెట్లవే.

తమిళనాడులో ప్రభుత్వ స్థలంలో చెట్టు కొట్టాలంటే కలెక్టరు అధ్యక్షతన ఉన్న జిల్లా పసుమై కమిటీ అనుమతి కావాలి. మంచి నియమమే. కానీ గొడ్డలి పెట్టకుండానే చెట్టును చంపవచ్చు. ప్లాట్‌ఫారం వేసేవాళ్లు మొదలుదాకా సిమెంటు పోస్తారు. నీళ్లు దిగవు, వేళ్లకు గాలాడదు, పట్టు తప్పుతుంది. 2016 డిసెంబరులో వర్దా తుఫానుకు చెన్నైలో వేలకొద్దీ చెట్లు పడ్డాయి. తప్పంతా గాలిదేనా?

ఢిల్లీలో చెట్టు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసెయ్యాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. ఇక్కడ ఆ మీటరు రోడ్డు పనుల టెండరు షరతుల్లోనే ఉండాలని మేము అంటున్నాం. టెండరులో రాయని పని ఏ కాంట్రాక్టరూ చెయ్యడు. ఆఫీసు కాగితాల మధ్య బతికినవాళ్లం, మాకు తెలుసు.

మొక్క నాటి ఫోటో దిగేవాళ్లు ఎండాకాలంలో బిందెడు నీళ్లు పొయ్యడానికి కనబడరు. అది వేరే కథ.

కౌన్సిలరుకు ఇచ్చే మనవి తమిళంలో రాసి ఉంచాం. ఆదివారం సంఘం ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టండి. మీ వీధిలో సిమెంటు బిగిసిన చెట్లెన్నో లెక్క కూడా తెండి.