ఏ పేజీలో ఉంది సార్?

ఉద్యోగంలో ఉండగా నేను రాసిన పరీక్షల్లో నన్ను బాగా భయపెట్టినవి పుస్తకాలు చూసి రాసే పరీక్షలే. సర్వీస్ కమిషన్ పెట్టే డిపార్ట్‌మెంటల్ టెస్టులవి. ఈవో టెస్టు, జీవో టెస్టు అంటే ప్రభుత్వ బడి టీచర్లకు వెంటనే తెలుస్తుంది. అవి పాసవకుండా గెజిటెడ్ హెడ్మాస్టర్ కావడం మామూలుగా కుదరదు. ఫండమెంటల్ రూల్స్, ట్రెజరీ కోడ్, పింఛను నిబంధనలు ఉన్న లావుపాటి పుస్తకాలు సంచిలో వేసుకుని దర్జాగా హాల్లోకి వెళ్లొచ్చు. బల్ల మీద పుస్తకాల గుట్ట, పేజీల మధ్య గుర్తుగా పెట్టుకున్న రంగు కాగితాల ముక్కలు. అయినా ఆ గుట్ట పక్కన కూర్చుని గంట గడిచినా ఒక్క జవాబూ తేల్చుకోలేని వాళ్లను చాలామందిని చూశాను. ఏ రూలు దేనికి వర్తిస్తుందో తెలియనివాళ్లకు పుస్తకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అలాంటి ఒక టెస్టు రాసిన మరుసటి మార్చిలో పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేటర్‌గా వెళ్లి పిల్లల జేబులు, జామెట్రీ బాక్సులు, పరీక్ష అట్టల వెనకాల వెతికాను. అంగుళం వెడల్పు కాగితం మీద చీమల బారులా రాసుకొచ్చిన చిట్టీ ఒకటి దొరికింది. నిబంధన ప్రకారం నడుచుకున్నాను. అది తప్పని ఇప్పుడూ అనను. కానీ ఆ రెండు హాళ్లకూ ఉన్న తేడా నన్ను అప్పటినుంచీ వదల్లేదు. నలభై ఏళ్ల ఉద్యోగి చేతికి పుస్తకమిచ్చి, దాన్ని వాడటం వచ్చా అని అడుగుతున్నాం. పదిహేనేళ్ల పిల్ల చేతిలోంచి అదే పుస్తకం తీసేసుకుని, ఎంత గుర్తుంది అని అడుగుతున్నాం.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తడానికి కారణం సీబీఎస్ఈ. 2026-27 విద్యా సంవత్సరం నుంచి తొమ్మిదో తరగతిలో పుస్తకం చూసి రాసే పరీక్షలు పెట్టుకోవచ్చని ఆ బోర్డు పాలకమండలి 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. బళ్లలో టర్ముకు మూడుసార్లు జరిగే రాతపరీక్షల్లో భాగంగా భాషలు, గణితం, సైన్సు, సోషల్‌లలో వీటిని పెడతారు. ముందుగా కొన్ని బళ్లలో ప్రయోగం చేసి చూశారు. అక్కడ పిల్లలకు వచ్చిన మార్కులు 12 నుంచి 47 శాతం మధ్యే ఉన్నాయి.

పుస్తకం ఎదురుగా తెరిచి ఉంది, చూసి రాయొచ్చన్నారు, అయినా సగం మార్కులు కూడా రాలేదు. ఇది విన్న ఒక పాత సహోద్యోగి, ‘చూసి రాయడం కూడా రాలేదన్నమాట ఈ కాలం పిల్లలకి’ అన్నారు. నాకు మాత్రం ఆ అంకెల్లో పిల్లల తప్పు కనిపించలేదు. ఎందుకంటే ఇలాంటి పరీక్ష నేనొకటి పెట్టి చూశాను.

మా బడిలో పదో తరగతికి సోషల్ చెబుతున్న రోజులు. శీతోష్ణస్థితి పాఠం అయిపోయింది. రేపు స్లిప్ టెస్టు, పుస్తకం తెచ్చుకోండి, చూసి రాయొచ్చు అన్నాను. క్లాసంతా కేకలు. మర్నాడు ఒక్కరు కూడా గైర్హాజరు కాలేదు. బోర్డు మీద ఒకే ప్రశ్న రాశాను: ‘జులైలో నిజామాబాద్‌లో జోరుగా వానలు పడతాయి, నెల్లూరులో అంతగా పడవు. నవంబరులో ఇది తారుమారవుతుంది. ఎందుకు?’

మొదటి పది నిమిషాలు పేజీలు తిరగేసే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. తర్వాత ఒక చెయ్యి లేచింది. ఎప్పుడూ క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి. ‘సార్, నెల్లూరు ఏ పేజీలో ఉంది సార్?’

ఆ పాఠంలో నెల్లూరు పేరు ఎక్కడా లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో తమిళనాడు తీరం ఎందుకు పొడిగా ఉంటుందో ఒకచోట ఉంది. అరేబియా శాఖకు అది వర్షచ్ఛాయా ప్రాంతమని, బంగాళాఖాతం శాఖ ఆ తీరానికి సమాంతరంగా సాగిపోతుందని. గాలి దిశ మారాక అదే తీరానికి వానలు ఎలా వస్తాయో ఇంకోచోట ఉంది. నెల్లూరు తమిళనాడును ఆనుకునే ఉందన్న విషయం పటంలో ఉంది. ఈ మూడూ కలిపితే జవాబు వస్తుంది. కలపాల్సింది పిల్లలే. నలభై మంది దాకా ఉన్న ఆ క్లాసులో ఎక్కువమంది ‘రుతుపవనాలు అనగా’ అని మొదలుపెట్టి పేరా తర్వాత పేరా ఎక్కించేశారు. చేతిరాతలు ముత్యాల్లా ఉన్నాయి. మూడింటినీ కలిపినవాళ్లు ఇద్దరు.

ఆ రోజు ఇంకొకటి గమనించాను. చాలామంది పుస్తకాల అట్టలు కూడా నలగలేదు. విషయసూచిక చూసి పాఠంలోని భాగాన్ని వెతికినవాళ్లు దాదాపు లేరు, మొదటి పేజీ నుంచి వరసగా తిప్పుతూ పోయారు. వాళ్లు ఏడాదంతా చదివింది గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు. పాఠ్యపుస్తకం సంచిలో బరువుకు తప్ప అక్కరకు వచ్చింది లేదు. ప్రభుత్వం కోట్లు పెట్టి అచ్చువేసి ఉచితంగా ఇచ్చే పుస్తకం అలా ఎందుకు పడి ఉంటుందంటే, దాన్ని చదవడం వల్ల పరీక్షలో అదనంగా ఒక్క మార్కు రాదు గనక. మార్కు తెచ్చేది గైడులోని నాలుగు పాయింట్లు. పిల్లలు తెలివిగానే లెక్క వేసుకున్నారు.

అందుకే, పరీక్ష హాల్లోకి పుస్తకాన్ని రానివ్వాలా అంటే రానివ్వాలనే అంటాను. కనీసం ఎనిమిదో తరగతి నుంచి, ప్రతి సబ్జెక్టులో ఏడాదికి ఒకటి రెండు పరీక్షలైనా అలా జరగాలి. చూసి రాసే పరీక్ష తేలిక అవుతుందన్న భయం, ప్రశ్నను మార్చకుండా పుస్తకం మాత్రమే తెరిస్తే నిజమే. ‘రుతుపవనాలను నిర్వచింపుము’ అని అడిగి పుస్తకం చేతికిస్తే అది కాపీరాత పోటీ. ఇంజినీరింగ్‌లో ఈ సందేహం ఎవరికీ రాదు. సివిల్ విద్యార్థులు కాంక్రీటు డిజైన్ పరీక్షకు ఐఎస్ 456 కోడ్ పుస్తకం తీసుకెళ్తారు. మెకానికల్ వాళ్లు స్టీమ్ టేబుల్స్ పట్టుకెళ్తారు. అనుమతి ఉందని ప్రశ్నపత్రం మీదే అచ్చు వేస్తారు. అంతమాత్రాన ఆ పేపర్లను ఎవరూ సులువనుకోరు, బ్యాక్‌లాగులు మిగిలేది అక్కడే.

చిట్టీల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. మన దగ్గర మార్చి నెల వస్తే పరీక్ష కేంద్రాల చుట్టూ నిషేధాజ్ఞలు, మూతబడ్డ జిరాక్స్ షాపులు, ఫ్లయింగ్ స్క్వాడ్లు. మాల్‌ప్రాక్టీసును నేరంగా చూసే చట్టం 1997లోనే వచ్చింది. అయినా 2023 ఏప్రిల్ 3న, పదో తరగతి పరీక్షల మొదటిరోజే, తాండూరులో పరీక్ష మొదలైన కాసేపటికే తెలుగు ప్రశ్నపత్రం వాట్సాప్‌లోకి ఎక్కింది. కాపలాలు ఉండాల్సిందే. కానీ అంగుళం కాగితం ముక్కకు అంత విలువ తెచ్చిపెట్టింది ఆ ముక్కలో పట్టేంత జవాబును అడిగిన ప్రశ్నే. నా నెల్లూరు ప్రశ్నకు చిట్టీ రాసుకురావడం కుదరదు.

ఇక్కడ పిల్లలకంటే పెద్దలకే పని ఎక్కువ. సీబీఎస్ఈ ఈ దారిలో ఇదివరకే ఒకసారి నడిచి వెనక్కి వచ్చింది. 2014లో తొమ్మిది, పదకొండు తరగతులకు ఓపెన్ టెక్స్ట్ పరీక్ష తెచ్చి, చదవాల్సిన పాఠాన్ని నాలుగు నెలల ముందే పిల్లలకు ఇచ్చింది. నాలుగు నెలల ముందు పాఠం ఇస్తే దాని మీద రాదగ్గ ప్రశ్నలు, జవాబులు తయారవడానికి ఎంతసేపు పడుతుంది? ఆలోచన పెరగడం లేదని 2017-18లో ఆపేశారు. మన తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతికి సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకన) పద్ధతి వచ్చింది. పాఠం వెనకున్న ప్రశ్నలు నేరుగా అడగకూడదు, పిల్లలు సొంతంగా రాయాలి అన్నారు. ఎంత మంచి ఆలోచనో! అది వచ్చిన ఏడాదే సీసీఈ మోడల్ గైడ్లు దుకాణాల్లోకి వచ్చేశాయి. ప్రాజెక్టులకని పెట్టిన ఇంటర్నల్ మార్కులు ఎక్కడ చూసినా 20కి 20. చివరికి ఆంధ్రప్రదేశ్ వాటిని తీసేసింది.

ఇక దిద్దడం. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లిన ఏ టీచరునైనా అడగండి. రోజుకు నలభై పేపర్లు, పక్కన కీ, కీలో పాయింట్లు. పాయింటు కనిపిస్తే మార్కు. నెల్లూరు ప్రశ్నకు ఇద్దరు పిల్లలు రెండు దారుల్లో సరైన జవాబు రాస్తే, ఆ రెండిటినీ చదివి న్యాయం చేయడానికి టీచరుకు కావలసింది సమయం. అది ఇవ్వకుండా పరీక్ష పేరు మాత్రం మారిస్తే పిల్లలకు అన్యాయం జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈలోకి మార్చి, 2024లో మళ్లీ రాష్ట్ర బోర్డుకు తెచ్చినప్పుడు, ఆ పరీక్షావిధానానికి తగిన సన్నద్ధత లేదన్నదే చెప్పిన కారణం. మధ్యలో నలిగింది ఆ బ్యాచ్ పిల్లలు.

మరి ఫోను? ఈ మధ్య మా మనవడు నా నెల్లూరు ప్రశ్నను తన ఫోనులో చాట్‌జీపీటీకి వేశాడు. కొన్ని సెకన్లలో తెలుగులో జవాబు వచ్చింది. వర్షచ్ఛాయ, గాలి దిశ, తీరం, నెల్లూరు ఉన్న చోటు, అన్నీ ఉన్నాయి. మంచి జవాబు. నేనైతే మార్కులన్నీ వేసేవాణ్ని. వేయబోతూ ఆగేవాణ్ని కూడా. పాఠ్యపుస్తకం ఆ మూడు సంగతులనూ మూడుచోట్ల ఉంచి, కలిపే పని పిల్లకు వదిలేసింది. ఫోను ఆ కలిపే పనే చేసి పెట్టింది. నేను పరీక్షించాలనుకున్నది సరిగ్గా దాన్నే. అందుకని ఫోనును పెద్ద పుస్తకంలా చూడటానికి నేను ఒప్పుకోను. పదో తరగతి దాకా పరీక్ష హాల్లోకి అది వద్దు.

ఇంకో కారణం కూడా ఉంది. పాఠ్యపుస్తకం కూలివాళ్ల పిల్లకూ డాక్టరుగారి అబ్బాయికీ ఒక్కటే. ఫోను అలా కాదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతోపాటు పనికి పోయే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. అలా అందరికీ ఒకే పరికరం ఉన్నా, దానితో పరీక్ష రాయించే ముందు నా మొదటి అభ్యంతరం అలాగే నిలబడుతుంది. క్లాసులో మాత్రం ఫోనును దాచాల్సిన పనిలేదు. అది ఇచ్చిన జవాబును బోర్డు మీద రాసి, ఇందులో తప్పేమిటి, మన పుస్తకంతో ఎక్కడ పొసగడం లేదు అని అడిగితే ఎంత చర్చ జరుగుతుందో! ఆ చర్చ కోసమే మళ్లీ ఉద్యోగంలో చేరాలనిపిస్తుంది.

కాలిక్యులేటర్ విషయంలో నాకు అంత పట్టింపు లేదు. గేట్ పరీక్షలో తెర మీదే కాలిక్యులేటర్ ఇస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సీబీఎస్ఈ పది, పన్నెండు పరీక్షల్లో దాన్ని అనుమతిస్తోంది. కటక సూత్రం తెలుసా అని చూసే భౌతికశాస్త్రం పేపర్లో భాగహారంలో తప్పు జరిగి మార్కు పోవడం నాకు సమ్మతం కాదు. కింది తరగతుల్లో మాత్రం ఎక్కాలు నోటికి రావాల్సిందే. పద్యాలు కంఠతా రావాల్సిందే. వల్లె వేయడాన్ని చిన్నచూపు చూసే వాళ్లతో నేను కలవను. బుర్రలో కొంత సరుకు లేనివాళ్లు పుస్తకంలో ఏం వెతకాలో కూడా చెప్పలేరు. నెల్లూరు ఎక్కడుందో తెలిసిన ఆ ఇద్దరే జవాబు దాకా వెళ్లగలిగారు.

ఆ టెస్టు పేపర్లు ఇచ్చిన రోజు క్లాసు మూగపోయింది. మార్కులు వేయలేదు, ఎవరు ఎంతవరకు వచ్చారో పక్కన రాశాను అంతే. ఫస్టు వచ్చే అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన కూర్చోబెట్టుకుని పటం తెరిచి చూపించాను. ఆమె వేలు తమిళనాడు తీరం వెంబడి పైకి పోయి నెల్లూరు దగ్గర ఆగింది. చాలాసేపు మాట్లాడలేదు.

రెండు వారాల తర్వాత మళ్లీ అలాంటి టెస్టే పెట్టాను. ఈసారి పుస్తకాల్లో గడ్డిపరకలు, దారప్పోగులు, చింపిన నోటుబుక్కు ముక్కలు గుర్తులుగా బయటికి వేలాడుతున్నాయి. ఆ అమ్మాయి గంట కొట్టక ముందే లేచి నిలబడి అడిగింది, ‘అట్లాస్ కూడా తెచ్చుకోవచ్చా సార్?’

— సోషల్ మాస్టారు