రేంజర్ మెడలోంచి కాన్సంట్రేషన్ గుదిబండ తీసేయండి!

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించే డీఎంలకూ, ఆడే మిత్రులకూ విజ్ఞప్తి



మీ పార్టీలో రేంజర్ ఉన్నాడా? పోయిన సెషన్‌లో అతను ఏ స్పెల్ వేశాడో గుర్తుచేసుకోండి. హంటర్స్ మార్క్. అంతకు ముందు సెషన్‌లో? అదే. ఎన్‌టాంగిల్‌తో శత్రువుల కాళ్లకు తీగలు చుట్టొచ్చు, స్పైక్ గ్రోత్‌తో నేలంతా ముళ్లు పరచొచ్చు, పాస్ వితౌట్ ట్రేస్‌తో పార్టీ మొత్తాన్ని చడీచప్పుడూ లేకుండా దాటించొచ్చు. అవన్నీ క్యారెక్టర్ షీటు మీద అలంకారంగా మిగిలిపోతున్నాయి. తప్పు ఆటగాడిది కాదు, రూలుది. వీటన్నిటికీ కాన్సంట్రేషన్ కావాలి. హంటర్స్ మార్క్‌కూ కావాలి. ఒకసారికి ఒక్క స్పెల్ మీదే కాన్సంట్రేషన్ నిలుస్తుంది కాబట్టి రెండోది వేసిన క్షణమే మొదటిది పోతుంది.

2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఈ చిక్కు విప్పుతుందని ఆశపడ్డాం. అది ముడిని ఇంకా బిగించింది. మొదటి లెవెల్లోనే హంటర్స్ మార్క్‌ను స్లాట్ ఖర్చు లేకుండా రెండుసార్లు వేసుకోమంది. సంతోషం. 13వ లెవెల్లో, దెబ్బ తగిలినా దీని మీది కాన్సంట్రేషన్ చెదరదంది. 17లో, మార్క్ పడిన శత్రువు మీద అడ్వాంటేజ్ ఇచ్చింది. 20లో మార్క్ ఇచ్చే అదనపు డీ6 దెబ్బను డీ10 చేసింది. అంటే సగటు 3.5 నుంచి 5.5కు పెరిగింది. ఇరవై లెవెళ్లు కొండా కోనా పట్టి తిరిగినవాడికి చివరి బహుమానం దెబ్బకు 2 పాయింట్లు! ఇన్ని ఫీచర్లను ఒకే స్పెల్‌కు కట్టేసి, ఆ స్పెల్‌ను కాన్సంట్రేషన్‌కు కట్టేశారు. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమంటే ఇదే. 13వ లెవెల్ ఫీచర్‌ను చూపించి సమస్య తీరిందనేవాళ్లున్నారు. దెబ్బ తగిలి మార్క్ పోవడం గురించి కాదు మా గోల. ఇంకో స్పెల్ వేస్తే పోవడం గురించి.

రేంజర్ పుట్టినప్పటి నుంచీ ఇలా లేడు. 1975లో ద స్ట్రాటెజిక్ రివ్యూ రెండో సంచికలో జో ఫిషర్ ఈ క్లాస్‌ను రాసినప్పుడూ, 1978 అడ్వాన్స్‌డ్ రూల్స్‌లోకి వచ్చినప్పుడూ రాక్షసజాతుల మీద లెవెల్‌కు ఒక్కో పాయింట్ చొప్పున అతని దెబ్బ పెరిగేది. మంత్రం లేదు, గడువు లేదు. అది అతని అనుభవం. 2003 నాటి 3.5 రూల్స్ అతనికి రెండు దారులు చూపాయి: విల్లు, లేదా రెండు చేతులా కత్తులు. ఏదో ఒకటి ఎంచుకుంటే 2, 6, 11 లెవెళ్లలో దానికి తగిన ఫీట్లు వాటంతటవే వచ్చేవి. అర్హతలు అడిగేవారు కాదు, తేలిక కవచం దాటకపోతే చాలు. 2009లో పాత్‌ఫైండర్ ఈ పద్ధతినే విస్తరించి ఐదు ఫీట్లదాకా ఇచ్చింది, ఎంపికను ఆటగాడికి వదిలింది. ఆ రూల్స్‌లో వేరే లోపాలు బోలెడు (లెక్కలు వేసి వేసి పెన్సిళ్లు అరిగిపోయేవి), కానీ ఈ విషయంలో న్యాయం చేశాయి. యుద్ధవిద్య రేంజర్ ఒంట్లోనే ఉండేది.

ఇప్పటి ఫీట్ల సంగతీ చూడండి. డ్యుయల్ వీల్డర్ తీసుకుంటే అదనపు దెబ్బకు బోనస్ యాక్షన్ కావాలి. మార్క్ వేయడానికీ, ఒకడు చచ్చాక ఇంకొకడి మీదికి మార్చడానికీ అదే బోనస్ యాక్షన్. నిక్ మాస్టరీ ఉన్న చిన్న కత్తి కొంత ఊరటనిచ్చిందని ఒప్పుకుంటాం. అయినా మార్క్ వేసే, మార్చే ప్రతి టర్న్‌లోనూ ఆ విలువైన ఫీట్‌ను పక్కన పెట్టాల్సి వస్తోంది.

కాన్సంట్రేషన్ తీసేస్తే రేంజర్ మరీ బలవంతుడైపోతాడంటారు. పాలడిన్‌ను చూడండి. 11వ లెవెల్ నుంచి అతని ప్రతి దగ్గరి దెబ్బకూ ఒక డీ8 అదనం. దానికి స్లాట్ లేదు, బోనస్ యాక్షన్ లేదు, కాన్సంట్రేషన్ అసలే లేదు. ఎవరూ గగ్గోలు పెట్టలేదే! మేమడిగే డీ6కు ఇంకా స్లాటో, ఉచిత వాడకమో, బోనస్ యాక్షనో ఖర్చవుతూనే ఉంటుంది.

బరువున్న అభ్యంతరం ఇంకొకటుంది. కాన్సంట్రేషన్ లేని మార్క్‌ను మొదటి లెవెల్లోనే ఇచ్చేస్తే, ఫైటర్లూ రోగ్‌లూ ఒక్క లెవెల్ రేంజర్ చేసి సొమ్ము మూటగట్టుకుపోతారు. నిజమే. 2000లో మూడో ఎడిషన్ రెండు కత్తుల ఫీట్లను మొదటి లెవెల్లోనే పంచిపెడితే జరిగింది అదే. 2022లో కొత్త రూల్స్ పరీక్షా ప్రతిలో ప్రచురణకర్తలే మొదటి లెవెల్ రేంజర్‌కు ఈ స్పెల్‌ను కాన్సంట్రేషన్ లేకుండా ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. లెవెల్ మార్చితే సరిపోయేదానికి, ఫీచర్‌నే పీకేశారు.

అందుకే మా ప్రతిపాదన ఇది. రేంజర్ క్లాస్‌లోనే 6వ లెవెల్ చేరినవాడు వేసే హంటర్స్ మార్క్‌కు కాన్సంట్రేషన్ అక్కర్లేదు. ఒకసారికి ఒక్క శత్రువు మీదే మార్క్ ఉంటుంది, కొత్తది వేస్తే పాతది పోతుంది. 13లో ఖాళీ అయిన ఫీచర్ స్థానంలో, మార్క్‌ను ఇంకొకడి మీదికి మార్చడానికి బోనస్ యాక్షన్ అవసరం లేకుండా చేయాలి. 6 మరీ తొందరనిపిస్తే 9 పెట్టుకోండి, గొడవ లేదు. 13 దాకా మాత్రం ఆపకండి. చాలా క్యాంపెయిన్లు అక్కడిదాకా బతకవు.

దీనికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ఆట మూల రూల్స్‌లో పెద్ద భాగాన్ని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2023లో క్రియేటివ్ కామన్స్ కింద విడిచిపెట్టింది, 2025లో కొత్త రూల్స్‌కూ అదే చేసింది. మూలం పేరు చెప్పి మార్చుకోవచ్చు, తెలుగులో రాసుకోవచ్చు, అచ్చేసి పంచుకోవచ్చు. డీఎంలు పై ప్రతిపాదనను కాగితం మీద రాసి, వచ్చే సెషన్‌లో డైస్ వేయకముందే టేబుల్ మీద పెట్టండి. ఆటగాళ్లు అభ్యంతరాలుంటే అప్పుడే చెప్పాలి, యుద్ధం మధ్యలో కాదు. రెండు మూడు పోరాటాలు నడిచాక అందరూ కలిసి లెవెల్ సంఖ్యను 6 దగ్గర ఉంచాలో 9కి జరపాలో తేల్చుకోండి.