ప్లాస్టిక్ డబ్బాలో వేడి కూర: చట్టం ఆగిపోయిన చోట వంటింట్లో ఏం జరుగుతోంది?

గిలకలదిండి హార్బర్‌లో బోటు మీంచి దిగిన చేప థర్మాకోల్ పెట్టెలో, ఐసు ముక్కల మధ్య బయటి ఊళ్లకు వెళ్తుంది. థర్మాకోల్ కూడా ప్లాస్టిక్కే. అయినా అక్కడ పెద్దగా భయపడాల్సింది లేదు, చల్లగా ఉన్నంతసేపు ప్లాస్టిక్ నుంచి తిండిలోకి దిగేది చాలా తక్కువ. అదే చేప బందరు హోటల్లో ఇగురై, పైన నూనె తేలుతూ, పొగలు కక్కుతూ నల్ల ప్లాస్టిక్ డబ్బాలోకి చేరినప్పుడు లెక్క మారుతుంది. ఆ డబ్బాని ఇంటికి తెచ్చి మూతతో సహా మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా మారుతుంది.

మైక్రోవేవ్ వేడి చేసేది ముఖ్యంగా కూరలోని నీటిని. ప్లాస్టిక్ నేరుగా వేడెక్కదు, తనకు ఆనుకుని ఉన్న కూర వేడికి వేడెక్కుతుంది. నీళ్లు మరిగితే 100 డిగ్రీలు. నూనె అక్కడ ఆగదు. పైగా ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు చాలావరకు నీటిలో కన్నా కొవ్వులో తేలిగ్గా కరుగుతాయి. అందుకే వట్టి అన్నం వేడి చేయడం, మటన్ ఖుర్మా వేడి చేయడం ఒకటి కాదు. ప్లాస్టిక్కులన్నీ కూడా ఒకటి కాదు. డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడాలి. 1 అంటే మంచినీళ్ల సీసా రకం, 70-80 డిగ్రీలకే మెత్తబడుతుంది. 6 అంటే థర్మాకోల్ జాతి, 100 డిగ్రీల దగ్గర వంగిపోతుంది. 5 అంటే పాలీప్రొపిలీన్, అది కరగాలంటే 160 డిగ్రీల వరకూ వెళ్లాలి. హోటళ్ల పార్సిల్ డబ్బాలు ఎక్కువగా ఈ చివరి రకమే. ‘మైక్రోవేవ్ సేఫ్’ అని రాసేది కూడా ఎక్కువగా వీటి మీదే.

జనం మోసపోయేది ఆ మాట దగ్గరే. సేఫ్ అంటే డబ్బా కరగదు, పగలదు, తిండిలోకి దిగే పదార్థం చట్టం పెట్టిన హద్దు దాటదు అని అర్థం. అసలేమీ దిగదని కాదు. అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ పరిశోధకులు 2023లో అక్కడి షాపుల్లో అమ్మే పసిపిల్లల ఆహారం డబ్బాలను, పౌచ్‌లను మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టి చూశారు. కొన్నింటిలో ఒక్క చదరపు సెంటీమీటరు ప్లాస్టిక్ నుంచి 42 లక్షల దాకా మైక్రోప్లాస్టిక్ కణాలు, 200 కోట్లకు పైగా అంతకంటే చిన్న కణాలు బయటికొచ్చాయి. ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉంచినా కణాలు వచ్చాయి గానీ, వేడి చేసినప్పుడే అన్నిటికంటే ఎక్కువ.

ఈ కణాలు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తాయన్నది ఇంకా తేలలేదు. మనుషుల ఆరోగ్యం మీద ఒక తీర్పు చెప్పడానికి ఆధారాలు చాలవని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2024లో ఇటలీ నుంచి వచ్చిన అధ్యయనంలో మెడ రక్తనాళాల్లోని కొవ్వులో ప్లాస్టిక్ కణాలు దొరికిన రోగులకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చినట్టు తేలింది. కానీ ప్లాస్టిక్ వల్లే వచ్చిందని అది రుజువు చేయలేదు. కాబట్టి ‘మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ పెడితే డయాక్సిన్ పుట్టి క్యాన్సర్ వస్తుంది’ అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ని నమ్మక్కర్లేదు. డయాక్సిన్లు పుట్టాలంటే ప్లాస్టిక్ కాలిపోయేంత వేడి కావాలి. భయపెట్టడానికి అబద్ధం చెప్పనవసరం లేదు, తెలిసిన నిజమే జాగ్రత్తపడటానికి సరిపోతుంది.

పసిపిల్లల దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. బిపిఏ అనే రసాయనం ఉందని 2015లో మన దేశంలో పాలసీసాల ప్రమాణాన్ని మార్చి పాలికార్బొనేట్‌ను తీసేశారు. దాని స్థానంలోకి ఎక్కువగా వచ్చింది పాలీప్రొపిలీన్. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వాళ్లు ఈ కొత్త సీసాల్లోనే పాలు కలిపే పద్ధతిలో వేడినీళ్లు పోసి చూస్తే లీటరుకు కోటీ 60 లక్షల వరకు కణాలు వచ్చాయి. పాలసీసాను మైక్రోవేవ్‌లో పెట్టకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాలు ఒకచోట గోరువెచ్చగా, పక్కనే మరిగిపోతూ ఉంటాయి. పైన సీసా చల్లగా తగులుతుంది, లోపల బిడ్డ నోరు కాలుతుంది.

మరి చట్టం ఏం చేస్తోంది? 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, స్వీటు డబ్బాల చుట్టూ చుట్టే పల్చటి కాగితం దేశమంతా నిషేధం. పార్సిల్ డబ్బా ఆ జాబితాలో లేదు. ఆ నిషేధం చూసింది చెత్తని, తిండిని కాదు. తిండి సంగతి ఆహార భద్రతా సంస్థ 2018లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనల్లో ఉంది. కిలో ఆహారంలోకి 60 మిల్లీగ్రాములకు మించి దిగకూడదని హద్దు. ఆ పరీక్ష ల్యాబ్‌లో, నిర్ణయించిన వేడిలో, నిర్ణయించినంత సేపు జరుగుతుంది. అదే డబ్బాని ఇంట్లో కడిగి, పసుపు మరక పట్టేదాకా, గీతలు పడేదాకా నెలల తరబడి వాడితే చూసే అధికారి ఎవరూ ఉండరు. ఫ్రీగా వచ్చిన డబ్బా పారేయడానికి ఏ ఇల్లాలికీ మనసు రాదు కదా.

ఇందులో స్టీలు పాత్ర కూడా ఉంది. మన ఇళ్లలో గిన్నెలన్నీ స్టీలే, అవి మైక్రోవేవ్‌లో పెట్టేవి కావు. దాంతో చేతికి అందేది పార్సిల్ డబ్బానే. రంజాన్‌లో ఇది బాగా కనిపిస్తుంది. ఇఫ్తార్‌కి తెచ్చిన హలీం, బిర్యానీ మిగిలితే అదే డబ్బాతో ఫ్రిజ్‌లోకి, సెహరీ వేళకి అదే డబ్బాతో మైక్రోవేవ్‌లోకి. నిద్రమత్తులో, అజాన్‌కి టైం దగ్గరపడుతుంటే గిన్నె మార్చాలని ఎవరికి తోస్తుంది?

మైక్రోవేవ్ లేని ఇళ్లకు ఇదంతా సంబంధం లేదనుకోవడం మాత్రం పొరపాటు. గిలకలదిండిలో బోటు దిగి టిఫిన్ బండి దగ్గర ఆగే మనిషికి సలసల కాగే సాంబారు పోసిచ్చేది పల్చటి ప్లాస్టిక్ కవరులోనే. టీ కూడా కవరులోనే కట్టిస్తారు. ఆ కవరు మీద అంకె కూడా ఉండదు. పాలీప్రొపిలీన్ డబ్బా కన్నా అది అధ్వానం, రోజూ జరిగేది కూడా అదే. పార్సిల్‌కి ఒకప్పుడు స్టీలు క్యారేజీ పట్టుకెళ్లేవాళ్లు. ఇప్పుడు ఎవరైనా పట్టుకెళ్తే ఏ హోటలువాడూ కాదనడు, కవరు ఖర్చు అతనికే మిగులుతుంది.

ఇంట్లో అయితే ఒక పింగాణీ గిన్నె, జరీ అంచు లేనిది, మైక్రోవేవ్ కోసమే పక్కన పెట్టుకుంటే చాలు. పార్సిల్ ఇంటికి రాగానే వేడి మీద ఉండగానే కూరను అందులోకి ఒంపేయాలి. మూతకి ప్లాస్టిక్ రేపర్ బదులు ఓ పింగాణీ ప్లేటు బోర్లించి, మధ్యలో ఒకసారి కలిపి, అంతటా పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. లేదంటే స్టీలు గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టినా ఐదు నిమిషాల పనే.